కాకి పుస్తకం

గాజు వెనక పెట్టి, పైన ఒక చిన్న దీపం వెలిగిస్తే చాలు, దేనికైనా గౌరవం వచ్చేస్తుంది. ఒకప్పుడు మా ఇంట్లో వేణ్ణీళ్ళ పొయ్యిలోకి పోయిన కాగితాలు మొన్న విశాఖపట్నంలో ఒక హాలు గోడల నిండా ఫ్రేముల్లో కనబడ్డాయి. ముట్టుకోవద్దని కింద బోర్డు కూడా పెట్టారు. ముట్టుకుంటే వేళ్ళకి సిరా అంటుకునే రోజుల్లోనే నేను వాటిని చదివాను.

నన్ను మనవరాలు లాక్కెళ్ళింది. దానికి బొమ్మల కథలంటే పిచ్చి. ఎప్పుడో దొంగచాటుగా చేతులు మారిన బొమ్మల పుస్తకాలు బయటపడ్డాయనీ, గీసినవాడెవడో ఎవరికీ తెలియదనీ కాలేజీలో విని వచ్చింది. "అమ్మమ్మా, అవి మీ నర్సీపట్నం వేనట" అంది. నేను చెప్పులు వేసుకుని బయల్దేరాను. మోకాళ్ళ నొప్పి ఆ పూట గుర్తు రాలేదు.

జ్యోతి వెలిగించడానికి వచ్చిన పెద్దమనిషి ముక్కు చూడగానే గుర్తుపట్టాను. అది వాళ్ళ తాత ముక్కు. ఒకే కల్వర్టుకి మూడుసార్లు రిబ్బను కత్తిరించిన పంచాయతీ సమితి ప్రెసిడెంటు గారి ముక్కు. ఆ బొమ్మ మూడో ఫ్రేములో ఉంది. మనవడు దాని పక్కనే నిలబడి నవ్వుతూ ఫొటో తీయించుకున్నాడు. తాతే అని తెలిసి నవ్వాడో, తెలియక నవ్వాడో నాకు అర్థం కాలేదు.

తర్వాత గడ్డం పెంచిన ఒక కుర్రాడు మైకు పుచ్చుకున్నాడు. బొమ్మలన్నీ సేకరించి పెట్టింది అతనేనట. కష్టపడ్డాడు, కాదనను. కానీ ఈ చిత్రకారుడి గీత మలుపు తిరిగే ప్రతిచోటా తెగుతుంది, గమనించండి, ఇది కావాలని విరిచిన రేఖ, అధికారాన్ని ధిక్కరించే రేఖ అని చెప్పుకుపోయాడు. అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. అక్కడ ధిక్కారమూ లేదు, సిద్ధాంతమూ లేదు. అది చెరకు గానుగలో నలిగిపోయిన వేలు.

ఆ వేలు మా డ్రాయింగు మాస్టారిది. ఆయనది నాతవరం వైపు పల్లె. చిన్నప్పుడు గానుగకి చెరకు అందిస్తూ కుడిచేతి నడివేలు కూడా అందించేశారు. రెండు కణుపులు పోయాయి. అందుకని సుద్దముక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించుకుని గీసేవారు. గీత ఎడమవైపు తిరిగే చోట పట్టు జారేది. చెయ్యి ఎత్తి మళ్ళీ పెట్టేవారు. అక్కడ వెంట్రుకవాసి ఖాళీ మిగిలిపోయేది. అంతే సంగతి.

మనిషి మాత్రం వింత మనిషే. వాన పడుతుంటే గొడుగు మూసి చంకలో పెట్టుకుని తడుస్తూ బడికి వచ్చేవారు. అదేమిటండీ అంటే, గొడుగు తడిస్తే ఆరడానికి రెండు రోజులు పడుతుంది, మనిషికి గంట చాలు అనేవారు. పెళ్ళి చేసుకోలేదు. బలిఘట్టం రోడ్డులో ఒక్క గది అద్దెకి తీసుకుని, వండుకుని తినేవారు. క్లాసులో గీయించడానికి సంచిలో వంకాయలు, అరటికాయలు తెచ్చేవారు. పాఠం అయ్యాక అవే ఆయన కూర. సొరకాయ మాకు ఎంతకీ కుదరక పాఠం వారం రోజులు సాగితే, ఆయన వారం రోజులూ పచ్చడితో తిన్నారని చెప్పుకునేవాళ్ళు. వేసవి సెలవులకి ముందు జీడిమామిడి పళ్ళు తెచ్చేవారు. ఆ వగరూ తీపీ కలిసిన వాసనకి క్లాసంతా నోట్లో నీళ్ళూరేవి. మేం గీయడం అయ్యేలోపు పండు సగం ఉండేది కాదు. కొరికిందెవరని ఎప్పుడూ అడగలేదు. కొరికిన పండునే గీయమనేవారు.

ఆయన నేర్పిన పాఠం ఒక్కటే. రోజూ అదే. "బొమ్మ సూడకండర్రా, గీత సూడండి. బొమ్మ ఎవుడైనా ఏస్తాడు. గీత మాత్రం ఆడిదే." మిగతా పిల్లలు ఆ మాటని వెక్కిరించేవాళ్ళు. నేను నమ్మాను. బోర్డు మీది గీతలు, సినిమా గోడబొమ్మల గీతలు, మా పాలమ్మాయి గుమ్మం ముందు పెట్టే ముగ్గు గీతలు చూసుకుంటూ తిరిగాను. ఎవరి ముగ్గు ఎవరు వేశారో చెప్పగలిగేదాన్ని. అది గొప్ప విద్య అనుకున్నాను.

ఇక ఆ పుస్తకం సంగతి. నాలుగు కాగితాలు మడిచి మధ్యలో దారంతో కుట్టిన పుస్తకం. సైక్లోస్టైల్ మిషను సిరా వాసన కొట్టేది. పేరు లేదు, అచ్చువేసిన వాడి ఊరు లేదు. ప్రతి దాంట్లో చివరి బొమ్మ మాత్రం ఒక్కటే, ఒంటికాలు ఎత్తి పక్కకి చూసే కాకి. అందుకని ఊరంతా దాన్ని కాకి పుస్తకం అనేవారు. రెండు మూడు నెలలకొకటి వచ్చేది. బస్టాండు దగ్గర సైకిలు షాపులో ట్యూబుకి పంక్చరు వేయించుకుంటే, సైకిలు తిరిగి ఇచ్చేటప్పుడు సీటు కింద చుట్టి ఉండేది. చదివి మళ్ళీ అక్కడే ఇవ్వాలి. ఆ రెండు మూడేళ్ళూ మా ఊళ్ళో సైకిళ్ళకి పడినన్ని పంక్చర్లు ఇంకెప్పుడూ పడలేదు.

అందులో ఉండేదంతా మా ఊరే. రోగి నాలుక చూసేముందు అతని సంచిలో కోడి ఉందో లేదో చూసే డాక్టరు, కొబ్బరి చిప్పలు లెక్కపెడుతూ మంత్రం మరిచిపోయే పూజారి, రేషన్ షాపులో తూకం మీద చెయ్యి వేసి ఆకాశం వంక చూసే డీలరు. మాటలు తక్కువ. బొమ్మ చూస్తే చాలు, కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. నవ్వినవాళ్ళంతా పక్కవాడి బొమ్మ చూసి నవ్వినవాళ్ళే. తన బొమ్మ వచ్చిననాడు మాత్రం ప్రతివాడూ దేశం పాడైపోయిందన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ డాక్టరు గారు తానే ఇంటింటికీ వెళ్ళి అది నేను కాదండీ అని చెప్పి వచ్చారు. దాంతో అప్పటిదాకా తెలియని వాళ్ళకి కూడా తెలిసింది.

మా నాన్న ఆ హైస్కూలుకి హెడ్మాస్టరు. బయట గంభీరం, ఇంట్లో అంతకన్నా గంభీరం. నాకు లెక్కల్లో నూటికి తొంభై ఐదు వస్తే "పర్లేదు" అనేవారు. ఆయన నోట అంతకు మించిన మెచ్చుకోలు నేను వినలేదు. అలాంటి మనిషి కాకి పుస్తకం వచ్చిననాడు పెరటి వరండాలో కూచుని అమ్మకి చదివి వినిపించేవారు. ఇద్దరూ నోళ్ళు మూసుకుని నవ్వేవారు. తర్వాత అమ్మ దాన్ని బియ్యం డబ్బాలో దాచేది, సైకిలు షాపుకి తిరిగి ఇచ్చేది కాదు. నేను బియ్యం తీసే నెపంతో చూసేదాన్ని. బియ్యంలో ఉన్న పుస్తకానికి సిరా వాసన తగ్గి, తవుడు వాసన వచ్చేది. మా ఇంట్లో అందరం కలిసి సంతోషించింది ఆ పుస్తకం వల్లే అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ యేడు అర్ధసంవత్సరం పరీక్షలప్పుడు ప్రెసిడెంటు గారబ్బాయి మాతో పాటు హాల్లో కూచోలేదు. అతనికి ఒంట్లో బాగోలేదని నాన్న గదిలో, ఫ్యాను కింద, పుస్తకం పక్కన పెట్టుకుని రాశాడు. ప్యూను దగ్గర్నుంచి అందరూ చూశారు. నేనూ చూశాను. ఎవరూ ఏమీ అనలేదు. నాన్న నాలుగు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పుడు ఆయన మీద కోపం వచ్చింది. ఇప్పుడు ఆ వయసు దాటి వచ్చాను కనక జాలి కూడా వస్తోంది. కోపం పోలేదు.

తర్వాత గానుగలు మొదలయ్యాయి. రోలుగుంట వైపు నుంచి గాలి వీస్తే ఊరంతా బెల్లం పొయ్యిల వాసన. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ముందు వరండాలోకి ఆ డాక్టరు గారూ, ప్రెసిడెంటు గారి బావమరిదీ వచ్చారు. బావమరిది రోడ్ల కాంట్రాక్టరు. అమ్మ ఉల్లిపాయ పకోడీలు వేస్తోంది. పళ్ళెం పట్టుకుని వెళ్ళింది నేను. బల్ల మీద కొత్త కాకి పుస్తకం తెరిచి ఉంది. దాన్ని నేను అప్పటికి చూడలేదు. బియ్యం డబ్బాలోకి రాలేదెందుకని ఆలోచించలేదు.

వాళ్ళు ఎవరు గీసి ఉంటారా అని మాట్లాడుకుంటున్నారు. బయటివాడెవడో అని డాక్టరు గారు, కోర్టు దగ్గర టైపు కొట్టేవాడని కాంట్రాక్టరు. నాన్న గోడ చూస్తున్నారు. నేను పళ్ళెం పెట్టి, వంగి, ఆ పేజీ చూశాను. మాస్టారు చూడమన్నట్టే చూశాను. బొమ్మ చూడలేదు. గీత చూశాను. ఒక గొడుగు, దాని వంపు ఎడమవైపు తిరిగే చోట వెంట్రుకవాసి ఖాళీ.

"నాకు తెలుసు నాన్నా" అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు. నేను లోపలికి పరుగెత్తి, సంచిలోంచి సైన్సు పరీక్ష ప్రశ్నపత్రం తెచ్చాను. మా బడిలో ప్రశ్నపత్రాలకి స్టెన్సిలు మీద అక్షరాలు గుమాస్తా టైపు చేస్తే, బొమ్మలు డ్రాయింగు మాస్టారు ఇనపమొన కలంతో గీసేవారు. నాలుగో ప్రశ్నలో మందార పువ్వు నిలువుకోత బొమ్మ ఉంది. ఆ కాగితాన్ని కాకి పుస్తకం పక్కన పరిచి, రెండు చోట్లా వేలు పెట్టి చూపించాను. రేకు తిరిగే చోట తెగింది, గొడుగు తిరిగే చోట తెగింది. రెండూ గీసింది ఒకరే, మా డ్రాయింగు మాస్టారే అన్నాను. అని, నాన్న మొహం వంక చూశాను. ఆ ఒక్క మాట కోసం, "పర్లేదు" కన్నా పెద్దమాట ఒక్కటి కోసం.

కాంట్రాక్టరు పకోడీ నోట్లో వేసుకుని నవ్వాడు. "గుంట గట్టిదేనండీ హెడ్మాస్టారూ. అంతా మీ పోలికే" అన్నాడు. నాన్న నన్ను లోపలికి వెళ్ళమన్నారు. వెళ్ళబోతూ ఆ పేజీని మళ్ళీ చూశాను. ఈసారి బొమ్మ కనబడింది. పరీక్ష హాల్లో పైకప్పు కారుతోంది, పిల్లలంతా తడుస్తూ రాస్తున్నారు. ఒక్క లావుపాటి కుర్రాడికి మాత్రం ఒక మనిషి గొడుగు పడుతున్నాడు. ఆ మనిషి మా నాన్న. కళ్ళజోడు, పైపంచె మడత, అన్నీ ఆయనవే.

వంటింట్లోకి వెళ్ళేసరికి మూకుట్లో పకోడీలు మాడుతున్నాయి. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది. "ఏటే, చెప్పీసేవా?" అంది. రెండు దెబ్బలు వేసి ఉంటే బాగుండేది.

మర్నాడు నాన్న మాస్టారిని గదికి పిలిపించారు. లోపల జరిగింది ప్యూను చెప్పగా ఊరంతటికీ తెలిసింది. ఆయన కాదనలేదట. పొరపాటైందని ఒక కాగితం రాసి ఇమ్మని నాన్న అడిగారట. దానికి మాస్టారు చెప్పిన జవాబుని మా ఊళ్ళో చాలా రోజులు చెప్పుకున్నారు. "బొమ్మలో అబద్ధం ఎక్కడుందో సూపించండి బాబూ. సెరిపీసి మళ్ళీ ఏస్తాను."

నాన్న చూపించలేకపోయారు. చూపించగలిగితే బహుశా క్షమించేవారు. పరీక్ష కాగితాల మిషను మీద ఇలాంటివి తీశాడని పైకి రాశారు. పది రోజుల్లో మాస్టారిని ఏజెన్సీకి బదిలీ చేశారు, చింతపల్లి ఘాటీ ఎక్కి ఇంకా లోపలికి. కాకి పుస్తకం చూసి కడుపుబ్బ నవ్విన ఊరు అది. ఒక్కరంటే ఒక్కరు, డాక్టరు గారంటే పడనివాళ్ళు కూడా, అన్యాయమండీ అనలేదు. పోన్లే, బతికాం అన్నారు. తమ బొమ్మ ఇంకా రాని వాళ్ళే ముందు అన్నారు.

ఆ తర్వాతి ఆదివారం నాన్న బియ్యం డబ్బా బోర్లించమన్నారు. అమ్మ పుస్తకాలన్నీ తీసి వేణ్ణీళ్ళ పొయ్యిలో పెట్టింది. సిరా కాగితాలు బేగి అంటుకోవు, పొగ చాలాసేపు వచ్చింది. ఆ నీళ్ళతోనే నాకు తలంటి పోసింది. పోస్తూ నాన్నకి వినబడేలా, "అది అబద్ధమైతే మీకింత కోపం వచ్చును కాదు" అంది. నాన్నకి ఎదురుగా అమ్మ అన్న మాట నాకు తెలిసి అదొక్కటే. నా కళ్ళలో కుంకుడు పులుసు పడి, నేను ఏడుస్తున్నది దానికే అని అందరూ అనుకునే వీలు దొరికింది.

బడిలో నాకు కాకి అని పేరు పెట్టారు. నేను వస్తుంటే వెనక బెంచీల వాళ్ళు కావ్ మనేవారు. పదో తరగతి అయ్యేదాకా అదే నా పేరు.

మాస్టారు వెళ్ళేరోజు బస్టాండుకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. కాళ్ళ మీద పడదామనుకున్నాను, ఆయన్ని చూసేసరికి స్తంభం చాటున ఆగిపోయాను. ఒక ట్రంకు పెట్టె, గొడుగు, కూరగాయల సంచి. ఆయనే నన్ను చూసి చెయ్యి ఊపి పిలిచారు, ఆ నాలుగున్నర వేళ్ళ చెయ్యి.

దగ్గరికి వెళ్ళాక ఆయన సంచి కిందకి దించారు. తర్వాత, "పదిహేనేళ్ళు సెప్పేనమ్మా, గీత సూడండని. సూసింది నువ్వొక్కర్తివే" అన్నారు. అందులో ఎత్తిపొడుపు వెతికాను. లేదు. ఆయన మొహంలో నిజంగా సంతోషం ఉంది. అదే నేను ఇన్నేళ్ళూ దిగమింగలేనిది. నేను నాన్న దగ్గర ఎదురుచూసిన మెచ్చుకోలు నాకు దొరికింది, అదీ ఈయన దగ్గర, ఆ చోట.

బస్సు ఎక్కబోతూ వెనక్కి తిరిగి మరో మాట అన్నారు. "నా పేరు సెప్పింది సాలమ్మా. ఇంకెవులికీ సెప్పకు."

రెండో వానాకాలంలో ఆయనకి అక్కడ కొండజ్వరం వచ్చింది. కిందికి తీసుకొచ్చేలోపే పోయారని నాన్న భోజనం దగ్గర చెప్పారు. చెప్పి, మజ్జిగ పోయమన్నారు. అమ్మ పోసింది.

నాన్న పూలదండలతో రిటైరయ్యారు. చాలా ఏళ్ళ తర్వాత, మంచం పట్టాక, ఒకరోజు నన్ను పిలిచి ఆ కాకి పుస్తకాల్లో ఒక్కటైనా మిగిలిందా అని అడిగారు. అన్నీ మీరే కాల్పించారు కదా అన్నాను. "ఆ గొడుగు బొమ్మ ఒక్కసారి చూడాలనుందే. నన్ను నన్నుగా గీసినవాడు ఇంకెవడూ లేడు" అన్నారు. ఆ గొడుగు బొమ్మ ఆ హాల్లో పదకొండో ఫ్రేములో ఉంది. ఆయన చూడకుండానే పోయారు.

గడ్డం కుర్రాడు అందర్నీ చివరి ఫ్రేము దగ్గరికి నడిపించాడు. సైకిలు షాపు వాళ్ళ రేకు పెట్టెలో మిగతావాటితో పాటే దొరికిందట. కొండల మీంచి ఎవరో పోస్టులో పంపారని షాపాయన కొడుకు చెప్పాడట. ఇది మిషను మీద తీసింది కాదు, పెన్సిలుతో గీసింది, ఒక్కటే ప్రతి. ఇలాంటిది ఒకటి ఉందని నాకు తెలియదు.

అది మా వరండా. స్తంభాలు, బల్ల, పకోడీల పళ్ళెం. కాంట్రాక్టరు నోరు తెరిచి నవ్వుతున్నాడు. డాక్టరు మెడ సాచాడు. నాన్న గోడ చూస్తున్నారు. జరిగింది ఆయనకి ఎవరు చెప్పారో గానీ, పకోడీలతో సహా చెప్పారు. బల్ల ముందు, నేను నిలబడిన చోట, రెండు కాగితాలు గాలిలో ఉన్నాయి. వాటిని పట్టుకున్న చేతులు లేవు. మనిషి లేదు. కింద నేల మీద కాకి ఒంటికాలు ఎత్తి పక్కకి చూస్తోంది.

గాలిలో నిలబడ్డ ఆ కాగితాలు సత్యానికి ప్రతీక అన్నాడు గడ్డం కుర్రాడు. సత్యాన్ని మోయడానికి ఎవరూ అక్కర్లేదన్నది చిత్రకారుడి సందేశమట. మనవరాలు గబగబా రాసుకుంది.

ప్రతీకా కాదు, గాడిదగుడ్డూ కాదు. నన్ను గీయలేదు, అంతే. ఊళ్ళో ఎవరినీ వదలని మనిషి, డాక్టర్నీ పూజారినీ తన హెడ్మాస్టర్నీ వదలని మనిషి, నన్ను వదిలేశారు. పదమూడేళ్ళ పిల్లని రేపు ఎవరూ గుర్తుపట్టకూడదని చెరిపేశారు. నేను ఆయన్ని పట్టి ఇచ్చాను, ఆయన నన్ను దాచారు.

చివర్లో కుర్రాడు అడిగాడు, మీలో ఆ ప్రాంతం పెద్దవాళ్ళెవరైనా ఉంటే, ఈ చిత్రకారుడెవరో తెలిస్తే చెప్పండి, గోడ మీద పేరు రాస్తాం అని. మనవరాలు నా మోచెయ్యి పొడిచింది. "అమ్మమ్మా, నీకు తెలుసా?"

పకోడీల పళ్ళెం పక్కన నిలబడి అరిచినంత తేలికగా అరవొచ్చు. పేరు నాలుక చివర ఉంది. చెప్పొద్దని ఆయన అన్నారు కనక చెప్పలేదని అనుకుంటే నాకు కాస్త హాయిగా ఉంటుంది. చెబితే, ఎలా తెలుసని అడుగుతారు. అప్పుడు ఆ కాగితాల వెనక ఎవరు నిలబడ్డారో నా మనవరాలికి చెప్పాల్సి వస్తుంది. ఆయన చెరిపిన బొమ్మని నేనే మళ్ళీ గీసుకోవాలి.

"తెలీదే" అన్నాను. ఇంటికొచ్చి ఇదంతా రాశాను. ఇందులో కూడా ఆయన పేరు రాయలేదు.